వెళ్ళొస్తా డాక్టరు

ఆసుపత్రి ఎదురిల్లు,
మార్చి.

ఒరే బావమరిదీ,

నీ ఉత్తరం అందింది. మోకాలి నొప్పికి మందు అడిగావు. మోకాలు మోసే బరువు తగ్గించు, మందు అక్కర్లేదు. ఫీజు కింద ఈ ఉత్తరం చివరిదాకా చదువు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు దగ్గుతావు, మధ్యలో మీ అక్క లాక్కుని మీ ఆవిడ ఆరోగ్యం అడుగుతుంది. ఇది అలా తేలే సంగతి కాదు.

ఇక్కడి సామిల్లులో ఒక మేస్త్రి ఉండేవాడు. పేగు మెలిపడి, మెలికలు తిరుగుతూ వచ్చాడు. కోశాను, సరిచేశాను, కుట్టాను. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడు. నేను మంచం పక్కన నిలబడి నాడి చూసి, అతని భార్యతో నా అలవాటు ప్రకారం ‘వెళ్ళొస్తాను’ అన్నాను. ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాను.

సాయంత్రానికి అతనికి కడుపులో నొప్పి ఎక్కువైంది. డ్యూటీ డాక్టర్ని పిలుస్తానని నర్సు అంటే ఆ ఇల్లాలు వద్దందట. ‘పెద్ద డాక్టరుగారు వస్తానని చెప్పి వెళ్ళారు, ఆయనే చూస్తారు’ అందట. ఎదురిల్లే అయినా, వస్తానన్న మనిషిని పిలవడమేమిటని నన్ను లేపనివ్వలేదట. నా కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. లోపల రక్తం కారుతూనే ఉంది. తెల్లారేసరికి మనిషి లేడు.

ఆ డ్యూటీ డాక్టరు ఎవరో నీకు చెప్పక్కర్లేదు. ఈ ఆసుపత్రికి ఉన్నదే ఇద్దరు సర్జన్లు. ఒకణ్ణి నేను, రెండోవాడు నీ కొడుకు బుజ్జిగాడు. నలభై దాటినా మనకు బుజ్జిగాడే కదా.

ఆవిడ నామీద అర్జీ పెట్టింది. వస్తానని మాటిచ్చి రాలేదని, ఆ మాట నమ్మి ఇంకొకరిని పిలవలేదని. విచారణకు ముగ్గురు వస్తున్నారు. తేల్చాల్సింది ఒక్కటే: నేను మాటిచ్చానా, లేదా? ఇచ్చి తప్పానని తేలితే ఇక ఆపరేషన్ థియేటర్లో అడుగుపెట్టనివ్వరు. నాకు అదొక్కటే ఇల్లు, మిగతావన్నీ నేను పడుకునే చోట్లు.

నీకు గుర్తుందో లేదో, ఈ ఊరు వచ్చిన కొత్తలో రాశాను. ఇక్కడి భాషలో సెలవు తీసుకునేటప్పుడు ‘పోతున్నాను’ అంటారు, అంతే. అప్పటి హెడ్ నర్సు నాకు నేర్పబోయింది. రోగి మంచం పక్కన నిలబడి ‘పోతున్నాను’ అనడానికి తెలుగు నోరు ఎలా వస్తుందిరా? నావల్ల కాలేదు. వాళ్ళ భాషలోనే, మన మాటను ముక్కకు ముక్క పెట్టి, ‘వెళ్ళి వస్తాను’ అనడం మొదలెట్టాను. నవ్వారు. అప్పటికి నా పేరు వాళ్ళ నోట పట్టడం లేదు. నాచేత కోయించుకోవడానికి భయపడి పొరుగూరు వెళ్ళి చచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట వల్ల నాకో పేరు దొరికింది: వెళ్ళొస్తా డాక్టరు. వీధిలో పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. ముప్పై ఏళ్ళు దాటింది. ఊళ్ళో సగం కడుపుల మీద నా కుట్లున్నాయి.

ఆ మాటకు మన భాషలో అర్థం ఏమిటని విచారణవాళ్ళు బుజ్జిగాణ్ణి అడుగుతారట. ఈ ఊళ్ళో తెలుగు వచ్చినవాడు వాడొక్కడేగా. మీ అక్క చేత చెప్పిద్దామంటే భార్య సాక్ష్యం చెల్లదన్నారు. వాడు చెబితే చాలు. పిలిపించుకుని ఇక్కడ ఉద్యోగం వేయించినందుకు మొదటిసారి లాభం కనపడుతోంది.

మీ బావ

*

పాతపేట, మేడమీద గది,
ఏప్రిల్.

బావా,

నీ వైద్యం నువ్వే ఉంచుకో. నేను తగ్గాల్సిన బరువు నీ మాటల వల్లే సగం పెరిగింది.

ఇంత చిన్నదానికి ఇంత పెద్ద ఉత్తరమా? పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి చెప్పి బట్టతల తెచ్చుకున్నవాణ్ణి, నా దగ్గర విను. ‘వెళ్ళొస్తాను’లో రావడం అనే క్రియ ఉంది గానీ, వచ్చే బాధ్యత లేదు. దానర్థం సెలవు, అంతే. శవం లేచిన గడప దగ్గర తప్ప ఇంకెక్కడైనా మనం వెళ్ళొస్తాననే అంటాం. పోలీసులు పట్టుకెళ్తుంటే దొంగ కూడా పెళ్ళాంతో వెళ్ళొస్తాననే అంటాడు. మా పెదనాన్న నా పెళ్ళిలో పప్పులో ఉప్పు లేదని అలిగి ‘వెళ్ళొస్తా’ అని లేచిపోయి, నా కొడుకు బడికెళ్ళే వయసుకు మళ్ళీ మొహం చూపించాడు. ఆయన మీద ఎవడైనా కేసు పెట్టాడా?

బుజ్జిగాడు తెలుగు మాస్టారి కొడుకు. ఈ మాటకి అర్థం వాడికి నేను విడమరిచి చెప్పాలా? ఉయ్యాలలో ఉన్నప్పుడే వచ్చేసి ఉంటుంది. మామయ్య అంటే వాడికి ప్రాణం. చిన్నప్పుడు నీ స్టెతస్కోపు మెడలో వేసుకుని మా గేదె గుండె చూసిన వెధవ.

బావ బతుకు కోరేవాడు బావమరిది అన్నారు పెద్దలు. ధైర్యంగా ఉండు. అక్కని అడిగానని చెప్పు. ఆమె ఈ మధ్య ఫోన్లో తక్కువ మాట్లాడుతోంది, ఏమిటి విశేషం?

నీ బావమరిది

*

ఆసుపత్రి ఎదురిల్లు,
మే.

ఒరే,

తడిగుడ్డతో గొంతు కోయడం ఏ మెడికల్ కాలేజీలో నేర్పుతారో నాకు తెలియదు. నీ కొడుక్కి అందులో మొదటి ర్యాంకు ఇవ్వొచ్చు.

విచారణ ఆసుపత్రి క్యాంటీన్లో జరిగింది. రెండు బల్లలు కలిపి పైన దుప్పటి పరిచారు. వచ్చిన ముగ్గురిలో పెద్దావిడ నెమ్మదస్తురాలు. నన్ను కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి మరీ అడిగింది. ఆ మాట అన్నారా అంది. అన్నానన్నాను. అర్థం చెప్పబోతే ఆపింది. ‘మీ అర్థం మీకు అనుకూలంగానే ఉంటుంది కదండీ. ఇంకొకరిని అడుగుదాం’ అంది. న్యాయమే. నేనైనా అలాగే అనేవాణ్ణి.

నీ కొడుకు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నావైపు చూడలేదు.

‘మీ భాషలో ఈ మాటకి అర్థం ఏమిటి?’
‘వెళ్ళి, తిరిగి వస్తానని.’
‘మర్యాదకి అనే మాటా? నిజంగా వస్తాననా?’
వాడు బల్లమీది దుప్పటి ముడత సరిచేశాడు.
‘అన్నవాళ్ళు రావాలి. మాలో అది మాట ఇవ్వడమే.’
‘అయితే ఆమె వారిని నమ్మి ఎదురుచూడటంలో తప్పు లేదంటారు.’
‘లేదండీ.’

అంతే. ఇంత చిన్న కోత నేనెప్పుడూ కోయలేదు. రక్తం చుక్క లేదు.

బయటికొచ్చాక వరండాలో ఏమన్నాడో తెలుసా? ‘మామయ్యా, టీ తాగుదామా?’ అన్నాడు. ‘నువ్వు తాగు నాయనా, నేను వెళ్ళొస్తాను’ అన్నాను. అప్పుడు చూశాడు నావైపు.

కాగితం మూడో రోజు వచ్చింది. రోగి బంధువులకు ఇచ్చిన మాట తప్పి ప్రాణనష్టానికి కారణమయ్యాడని రాశారు. నన్ను థియేటరు నుంచి తప్పించారు. నా గది వాడికిచ్చారు. నా పాత కుర్చీని మాత్రం మర్యాదగా ఇంటికి పంపించారు. అటెండరు మోసుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, వంటింట్లో పెట్టి వెళ్ళాడు.

చాలా చదివానురా. రాజుల్ని కొడుకులు చంపిన చరిత్రలు చదివాను, గురువుల్ని శిష్యులు అమ్ముకున్న కథలు చదివాను. అన్నింట్లోనూ ద్రోహం చేసేవాడికి ఏదో పెద్ద కోరిక ఉంటుంది. వీడికేం కావాలో నాకు అర్థం కాలేదు. మరో రెండేళ్ళకి ఆ గది వాడికే కదా! నువ్వు వాడి తండ్రివి, తెలుగు మాస్టారివి. నువ్వు చెప్పు. ఆ మాటకి ఆ అర్థం వాడు ఏ నిఘంటువులో చూశాడు?

బావ

*

పాతపేట,
మే నెలాఖరు.

పూజ్యులైన బావగారికి నమస్కరించి వ్రాయునది,

తమరి లేఖ చేరింది. చదివి మనసు చాలా కలత చెందింది. జరిగినది దైవఘటన అనుకోవాలి తప్ప ఎవరినీ నిందించి ప్రయోజనం లేదు. చిరంజీవి కూడా చాలా బాధపడుతున్నాడని వినికిడి. పరాయి మనుషుల ముందు కూర్చోబెట్టి అడిగితే తడబడటం సహజం. మాటలకు అర్థాలు కూడా కాలాన్ని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంటాయి. ఇది భాషాశాస్త్రం ఒప్పుకున్న విషయమే.

తమరు పెద్దవారు, తెలిసినవారు. ఇన్నాళ్ళు ఎందరికో ప్రాణం పోశారు. ఇకనైనా విశ్రాంతి తీసుకుని, పుస్తకాలు చదువుకుంటూ అక్కతో కాలక్షేపం చేయవలసినదిగా నా మనవి. ఏదేమైనా వ్యవహారం చేతుల దాకా పోకుండా మాట దగ్గరే ఆగింది. అందుకు మనమందరం సంతోషించాలి.

మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది.

ఇట్లు,
తమ విధేయుడు

*

ఆసుపత్రి ఎదురిల్లు,
జూన్.

విధేయుడికి,

నేను బావగారు ఎప్పుడయ్యానురా? నా పెళ్ళిలో నా చెప్పులు దాచి, బేరం కుదరక, ఎక్కడ దాచావో మర్చిపోయి నన్ను వట్టికాళ్ళతో బస్సెక్కించిన రోజు కూడా ‘బావా’ అనే అన్నావు. మనిషి తప్పు చేస్తే బహువచనంలోకి వెళ్తాడు. భాషాశాస్త్రం దీన్ని ఒప్పుకుందా?

మొన్న ఏప్రిల్లో వచ్చే బాధ్యత లేని మాట, మే నెలకల్లా కాలాన్ని బట్టి, దేశాన్ని బట్టి అర్థం మార్చుకుంది. సరే. అది వదిలెయ్. నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ‘వ్యవహారం చేతుల దాకా పోకుండా’ అన్నావు. చేతులేమిటి? నా రెండు ఉత్తరాల్లో ఎక్కడా చేతుల ఊసు లేదు. విచారణలో ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనడగకుండానే చేతులు తడుముకున్నావు. ఎవరి చేతులు? నీకెవరు చెప్పారు?

ఇంకో సంగతి. మేస్త్రి భార్య నిన్న మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి రానంది.

‘మీకు నామీద కోపమా?’ అంది.
‘అర్జీ పెట్టింది నువ్వమ్మా. కోపం సంగతి నన్నడుగుతావేం?’ అన్నాను.
‘ఆ రోజు మనిషి పోయిన దుఃఖంలో పెట్టాను. తర్వాత వెనక్కి తీసుకుందామనుకున్నాను. మీరు అందరితోనూ అలాగే అంటారని ఈ ఊళ్ళో ఎవరికి తెలియదు? నా మొదటి కాన్పుకి కోసింది మీరే. అప్పుడూ వెళ్ళొస్తానని వెళ్ళి మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. నేనేమైనా అన్నానా?’
‘మరి ఎందుకు తీసుకోలేదు?’
‘మీ అబ్బాయి చెప్పాడుగా! మీ ఇంటివాడు, మీ భాషవాడు. ఆ మాటంటే ఒట్టేసినట్టేనని అందరి ముందూ చెప్పాడు. అప్పుడనిపించింది, ఇన్నేళ్ళూ మీరు మా అందరికీ ఒట్లు వేసి వేసి వెళ్ళిపోయారా అని. సొంతవాళ్ళకి తెలియంది మాకు తెలుస్తుందా?’

విన్నావా? ఊరు నన్ను నమ్మింది. నా పేరు పలకడం రాని ఊరు నా మాట అర్థం చేసుకుంది. నావాడు చెప్పబట్టి నమ్మడం మానేసింది.

పై విచారణకి అప్పీలు వేసుకోవచ్చట. ఆవిడ వచ్చి చెబుతానంది. నీ కొడుకు కూడా వచ్చి, అది సెలవు తీసుకునే మాట అని ఒక్క ముక్క అంటే చాలు. తండ్రిగా వాడితో చెప్పు. చెప్పకపోతే ఎందుకు చెప్పవో నాకు రాయి. తిన్నగా రాయి. నమస్కారాలు అక్కర్లేదు.

బావ

*

పాతపేట,
జూలై.

బావా,

తిన్నగా రాయమన్నావుగా, రాస్తున్నాను. తర్వాత ఎందుకు రాశావని అనకు.

ఆ రాత్రి డ్యూటీలో ఉండి బుజ్జిగాడు రౌండుకి వెళ్ళలేదు. నర్సు పిలవలేదని క్వార్టర్స్‌లోనే ఉండిపోయాడు. తప్పే. నీ మాట వట్టి మర్యాద మాటని తేలితే, మరి డ్యూటీ డాక్టరు ఏం చేస్తున్నాడని అడుగుతారు. నేను వాడి తండ్రిని. వాడికి ఇద్దరు పిల్లలు. ఇందులో నాకు స్వార్థం లేదని ఒట్టేసి చెప్పలేను. కానీ వాడు అందుకోసం అలా చెప్పలేదు. తప్పు తన మీదే వేసుకుంటానని నాకు ఫోన్ చేసి ఏడ్చాడు.

వద్దన్నది అక్క.

నీ చెయ్యి వణుకుతోంది బావా. ఏడాది పైనుంచీ. నువ్వు కాఫీ కప్పు దించుతుంటే సాసరు గలగలమంటోందని అక్క సాసర్లన్నీ తీసి అలమరలో పెట్టేసింది. ఇంట్లో సాసర్లు లేవని కూడా నువ్వు గమనించలేదు. థియేటర్లో సన్నకుట్లన్నీ బుజ్జిగాడు వేస్తున్నాడు. ఒకసారి వాడు నోరు తెరిచి చెప్పబోతే ‘నీకు కత్తి పట్టుకోవడం నేర్పిందెవర్రా?’ అని అందరి ముందూ కసిరావట. అక్క చెబితే నవ్వావట.

విచారణ అనేసరికి అక్క వాడిని పిలిచి చెప్పింది: ‘తప్పు నీమీద వేసుకుని ఉద్యోగం పోగొట్టుకుంటే ఆయన ఒక్కరే మిగులుతారు. ఆ చేతులతో ఊరందరినీ కోస్తారు. చేతుల సంగతి చెప్పావో, పాత ఆపరేషన్లన్నీ తవ్వి ఆయన్ని హంతకుణ్ణి చేస్తారు. మాట తప్పారని చెప్పు. ఆపరేషన్లు ఆగుతాయి, అంతకుమించి ఏమీ కాదు.’ వాడు రెండు రోజులు ఒప్పుకోలేదు. నన్నడిగాడు. అత్తయ్య చెప్పినట్టు చెయ్యమన్నాను.

నీ బతుకు కోరే చేశాను. ఇక నీ ఇష్టం.

నీ బావమరిది

*

ఆసుపత్రి ఎదురిల్లు,
ఆగస్టు.

ఒరే బావమరిదీ,

ఈ అక్షరాలు నావి కావని చూడగానే తెలిసి ఉంటుంది. నేను చెబుతున్నాను, మీ అక్క రాస్తోంది. మొదట ‘మీ గొడవ మీరే రాసుకోండి’ అంది. ఇన్నాళ్ళూ అక్షరం అక్షరం దిద్దుకుంటూ నీకు రాశాను, ఈసారి దాచకుండా కలం పట్టి ఒక గీత గీసి చూపించాను. ఇంకేం మాట్లాడకుండా కాగితం తనవైపు లాక్కుంది.

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళాను. నా ఆసుపత్రి కుర్చీలో కూర్చుని కూర తరుగుతోంది. ‘నిజమేనా?’ అన్నాను. ‘నిజమే’ అంది. తరగడం ఆపలేదు.

‘నాతో చెప్పొచ్చుగా?’
‘చెప్పాను. ఒకసారి నవ్వారు. ఇంకోసారి అరిచారు. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.’
‘మళ్ళీ చెప్పాల్సింది.’
‘మళ్ళీ చెప్పే లోపు ఇంకొకరు పోతే?’

అది కూడా రాయమన్నాను. రాసింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. మేస్త్రి కడుపులో ఆ రక్తనాళానికి ముడి వేసింది నేను. ఆ పూట వేళ్ళు నా మాట వినలేదు. రెండోసారి వేశాను, బిగిసిందనుకున్నాను. ఇది నేను నీకు రాయలేదు, మీ అక్కకి చెప్పలేదు. కానీ ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ముడి గురించి అడగండి, చెయ్యి గురించి అడగండి, నిలబడి జవాబు చెబుతాను. నాకు అరవై తొమ్మిది. ముసలివాణ్ణయ్యానంటే నాకు సిగ్గేమిటి? మీరు ముగ్గురూ కూడబలుక్కుని నన్ను ముసలివాడనడానికి నోరు రాక అబద్ధాలకోరని రాయించారు. ఒక ఊళ్ళో పరాయివాడు బతికేది చేతుల మీద కాదురా, మాట మీద. ఈ భాష సగం కూడా రాని రోజుల్లో, ఆ ఒక్క మాట చూసి వీళ్ళు నా బల్ల మీద పడుకున్నారు. అది తీసేసి మీరు నాకు పరువు మిగిల్చారట!

మేలు కోరి చేశామంటారు. నామీద పగతో చేసి ఉంటే బాగుండేది. ఎదురుతిరిగి తిట్టడానికి మనిషి ఉండేవాడు.

అప్పీలు వేస్తున్నాను. మేస్త్రి భార్య వస్తుంది. ముడి జారి ఉంటుందని నేనే చెబుతాను. పాత కేసులు తవ్వుతారా, తవ్వుకోమను, పార కూడా నేనే ఇస్తాను. కత్తి మళ్ళీ ముట్టను. నిన్న నా పనిముట్ల పెట్టె ఆసుపత్రికి పంపేశాను. కానీ మాట తప్పాడని రాసిన ఆ ఒక్క వాక్యం కొట్టేయించే దాకా ఊరుకోను. అది కొట్టేయాలంటే బుజ్జిగాడు అబద్ధం చెప్పాడని తేలాలి. తేలితే వాడు ఈ ఊళ్ళోనే కాదు, ఎక్కడా కత్తి పట్టలేడు. తెలిసే చేస్తున్నాను. ఇక్కడ మీ అక్క కలం కింద పెట్టింది. ‘ఇది కూడా రాయాలా?’ అని అడిగింది. రాయమన్నాను.

మీ బావ

తమ్ముడూ,

పైన ఉన్నదంతా ఆయన చెప్పింది. ఒక్క మాట మార్చలేదు. మార్చాలనిపించిన చోట్లు చాలా ఉన్నాయి.

భార్య మాట మొదటి విచారణలో చెల్లలేదు గానీ అప్పీల్లో వింటారట. ఆయన నా పేరిచ్చారు. బుజ్జిగాడి చేత అలా ఎవరు చెప్పించారని అడిగితే, నేనేనని చెబుతాను. ఆయన నన్ను బతిమాలలేదు, బెదిరించలేదు. వస్తావా అన్నారు, వస్తానన్నాను.

ఈ సంగతి వాడికి ముందే చెప్పాలని ఇవాళ వాళ్ళింటికి వెళ్ళాను. వాడే తలుపు తీశాడు. ‘ఏంటత్తా, అలా అలిసిపోయావ్?’ అని కుర్చీ లాగి, ఫ్యాను నావైపు తిప్పాడు. కాసేపు కూర్చుని వచ్చేశాను. నాకు నోరు రాలేదు.

వాడికి నువ్వే చెప్పు.

అక్క